చర్చిని వదిలేసినా డోమ్‌ని వదలని ఊరు

జర్మనీలో కొలోన్ స్టేషన్ నుంచి బయటికొచ్చినవాళ్లు ఎవరైనా ముందు చేసే పని నడక ఆపేసి తల పైకెత్తడం. వెనక సూట్‌కేసులు లాక్కుంటూ వచ్చేవాళ్లు వాళ్లకి తగిలి, సారీ చెప్పి, ఆ తర్వాత వాళ్లూ అదే పని చేస్తారు. గాజు తలుపులు దాటగానే ఎదురుగా 157 మీటర్ల ఎత్తున నల్లటి రాయి. మధ్యలో కొన్ని మెట్లు తప్ప ఇంకేం అడ్డం ఉండదు. ఇంత పాత గోతిక్ (మొనదేలిన కమానుల మధ్యయుగపు శైలి) చర్చికి ఆనుకుని ఇంత రద్దీ స్టేషన్ ఎవడు కట్టాడ్రా బాబూ అనిపిస్తుంది మొదట్లో. 19వ శతాబ్దంలో రైలంటే గొప్ప కదా, తెచ్చి పక్కనే పెట్టారు. పైగా రైన్ నది మీద వంతెన కూడా సరిగ్గా చర్చికి ఎదురుగా వచ్చేలా వేశారు, అవతలి ఒడ్డు నుంచి రైల్లో వచ్చేవాడికి అదే ముందు కనపడాలని.

2014లో చదువుకోడానికి ఆ ఊరెళ్లి, వేరే ఊళ్లో ఉద్యోగం దొరికేదాకా అక్కడే ఉన్నాను. ఆ చర్చి కొలోన్ కేథడ్రల్, కానీ ఆ ఊరివాళ్లు దాన్ని పూర్తి పేరుతో పిలవరు, డోమ్ అంటారంతే, మాకూ అదే అలవాటైపోయింది. మన తెలుగు బ్యాచ్‌కి డోమ్ అంటే చాలాకాలం చర్చే కాదు, కలుసుకునే చోటు. ముందున్న ఆవరణలో ఒక సిమెంటు పువ్వు ఉంటుంది. టవర్ల కొసన ఉండే రాతి పువ్వుకి అసలు సైజులో నమూనా అది, తొమ్మిది మీటర్ల పైనే. కింద నుంచి చూస్తే పైనున్నది అరచేతిలో పట్టేలా ఉంటుంది, ఇక్కడ దీని పక్కన నిలబడితే మనం దాని మొదట్లో గడ్డిపరకంత. "ఒరేయ్, సిమెంటు పువ్వు దగ్గరున్నా, ఎక్కడ చచ్చావ్?" అనే ఫోన్ కాల్ ఆ ఊళ్లో తెలుగువాళ్లందరూ ఏదో ఒకరోజు చేసే ఉంటారు. ఆఖెన్ నుంచి, బాన్ నుంచి, డ్యూసెల్డార్ఫ్ నుంచి మనవాళ్లు సెమిస్టర్ టికెట్ (కాలేజీ ఫీజుతోనే వచ్చే రైలు పాసు) మీద ఫ్రీగా వచ్చేవాళ్లు. రైలు ఆలస్యం అయితే వర్షంలో తడుస్తూ నిలబడే బదులు లోపలికి దూరేవాళ్లం. అప్పట్లో లోపలికి టికెట్ లేదు. ఎర్ర అంగీలు వేసుకున్న కాపలావాళ్లు టోపీ తియ్యమనేవాళ్లు, గట్టిగా మాట్లాడితే వేలు పెదాల మీద పెట్టి చూపించేవాళ్లు, అంతకుమించి ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. నువ్వెవరు, నీ మతమేంటి, ఎంతసేపు కూర్చుంటావు, ఏదీ లేదు. ఆ ఊళ్లో డబ్బు పెట్టకుండా, కాఫీ కొనకుండా కూర్చోనిచ్చే చోట్లు చాలా తక్కువ. స్టూడెంట్‌గా ఉన్నవాళ్లకి ఆ విలువ తెలుస్తుంది.

దాని చరిత్ర నాకు పుస్తకాల్లో కంటే మా ఇంటి ఓనరు దగ్గరే ఎక్కువ తెలిసింది. డెబ్బై దాటిన ఆవిడ, ఒక్కర్తే ఉండేది, పై గది నాకు అద్దెకిచ్చింది. ఆవిడ చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది క్రేన్ కథ. 1248లో పునాది వేశారు. వెయ్యడానికి కారణం కూడా ఉంది. 1164లో ఆ ఊరి ఆర్చ్‌బిషప్ మిలాన్ నుంచి ముగ్గురు జ్ఞానుల అస్థికలు అంటూ కొన్ని తెచ్చాడు, అదే, బాలయేసుని చూడ్డానికి నక్షత్రం వెంట వచ్చారని చెప్పే ముగ్గురు. దాంతో యూరప్ నలుమూలల నుంచి యాత్రికులు ఎగబడ్డారు, పాత చర్చి సరిపోలేదు. ఫ్రాన్స్‌లో అప్పుడే లేస్తున్న అమియేన్ చర్చిని చూసి, దానికంటే పెద్దది కట్టాలని మొదలుపెట్టారు. 1322 నాటికి బలిపీఠం ఉన్న తూర్పు భాగం అయ్యింది. తర్వాత పని నత్తనడక నడిచి, 16వ శతాబ్దంలో డబ్బూ ఆసక్తీ రెండూ అయిపోయి ఆగిపోయింది. దక్షిణం వైపు టవరు సగంలో ఉండగా, దాని మీద రాళ్లు ఎత్తే చెక్క క్రేన్ ఉండగా ఆగిపోయింది. ఆ క్రేన్‌ని ఎవరూ దించలేదు. మూడు వందల ఏళ్లకి పైగా అలాగే ఉంది. పాత బొమ్మల్లో కొలోన్ ఊరిని గుర్తుపట్టేది ఆ క్రేన్‌ని చూసే. మనుషులు పుట్టారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, పోయారు, తాతల తాతల నుంచి ఆకాశంలో ఆగిపోయిన ఆ క్రేనే చూశారు. 1868లో గానీ అది దిగలేదు.

మధ్యలో ఫ్రెంచి సైన్యం వచ్చి దాన్ని గోదాముగా కూడా వాడుకుంది. తర్వాత జరిగింది ఏ సినిమావాడు రాసినా నమ్మరు. చర్చి ముఖభాగం ఎలా ఉండాలో మధ్యయుగంలో తోలు మీద గీసిన ప్లాను ఒకటి ఉండేది, నాలుగు మీటర్ల పొడవు, అది ఎటో పోయింది. 1814లో దాని సగం డార్మ్‌స్టాట్‌లో ఒక అటక మీద దొరికింది. రెండేళ్లకి మిగతా సగం పారిస్‌లో దొరికింది. రెండూ కలిపి చూస్తే ముఖభాగం మొత్తం ఉంది! దాన్ని పట్టుకుని 1842లో మళ్లీ పని మొదలుపెట్టారు, 1880లో ముగించారు. కాబట్టి ఈ రోజు మనం ఫొటోల్లో చూసే ఆ జంట టవర్లు ఎక్కువ భాగం 19వ శతాబ్దపు పనే, గీత మాత్రం పాతది. కొందరు "అయితే ఇది అసలైన గోతిక్ కాదన్నమాట" అని పెదవి విరుస్తారు. నాకు ఆ వాదన అర్థం కాదు. ఆరు వందల ఏళ్ల కింద ఒకడు గీసిన గీతని దాటకుండా, లోపల కప్పుకి మాత్రం కొత్తగా వచ్చిన ఇనుము వాడి పూర్తి చేసిన పని అది. ఆ ఇనుప కప్పు ఈఫిల్ టవర్ కంటే ముందుది. పూర్తయ్యాక నాలుగేళ్ల పాటు ప్రపంచంలో దాన్ని మించిన ఎత్తు కట్టడం లేదు.

1880లో పూర్తయిన రోజు పెద్ద ఉత్సవం జరిగింది, చక్రవర్తి వచ్చాడు. ఆర్చ్‌బిషప్ మాత్రం రాలేదు. రాలేడు, దేశం బయట ప్రవాసంలో ఉన్నాడు. అప్పుడు ఆ ఊరిని ఏలుతున్న ప్రష్యా ప్రభుత్వం ప్రొటెస్టెంట్, ఊరు కేథలిక్, ఆ రోజుల్లో ప్రభుత్వానికీ కేథలిక్ చర్చికీ పెద్ద గొడవ. మా ఓనరమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు ప్రతిసారీ నవ్వేది. "చూశావా, మా డోమ్ పూర్తయ్యిందే బిషప్ లేకుండా" అని.

ఆవిడ అలా నవ్వడానికి కారణం ఉంది. ఆవిడ చర్చి నుంచి బయటికొచ్చేసిన మనిషి. జర్మనీలో ఇది నోటిమాట వ్యవహారం కాదు. అక్కడ చర్చి సభ్యుడివైతే నీ ఆదాయపు పన్ను మీద ఇంకో 9 శాతం చర్చి పన్నుగా జీతంలోంచే పోతుంది (మన ఊళ్లో చందా అడిగితే రేపు రా అంటాం, వీళ్ల దగ్గర ఆ వీల్లేదు). వద్దనుకుంటే, మేమున్న రాష్ట్రంలో అయితే, కోర్టుకెళ్లి 30 యూరోలు కట్టి, నేను బయటికెళ్తున్నానని సంతకం పెట్టి రావాలి. ఆవిడ ఎప్పుడో ఆ సంతకం పెట్టేసింది. కానీ అదే మనిషి, డోమ్ మరమ్మతుల కోసం 1842 నుంచి నడుస్తున్న పౌరుల సంఘానికి మాత్రం ప్రతి సంవత్సరం డబ్బు కట్టేది. ఆ సంఘంలో చేరడానికి మతం పట్టింపు లేదు. కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, యూదులు, దేవుణ్ణి నమ్మనివాళ్లు అందరూ ఉంటారు. మరమ్మతుల ఖర్చులో పెద్ద వాటా వాళ్లదే. నాకప్పుడు ఇది బొత్తిగా అర్థం కాలేదు. "అటు పన్ను ఎగ్గొట్టి ఇటు కట్టడమేంటండీ?" అని అడిగేశాను, వచ్చీరాని జర్మన్‌లో. ఆవిడ ఏమాత్రం ఆలోచించకుండా, "ఫాదర్లతో నాకు పని లేదు. డోమ్ వాళ్లది కాదు కదా" అంది.

ఆవిడ చిన్నపిల్లగా ఉండగా యుద్ధం. ఊరి మధ్యభాగం దాదాపు మొత్తం బాంబులకి నేలమట్టం అయ్యింది. డోమ్ మీద కూడా 14 పెద్ద బాంబులు పడ్డాయి, కప్పులు కూలాయి, కానీ గోడలూ టవర్లూ నిలబడ్డాయి. గోతిక్ కట్టడంలో గోడ కంటే ఖాళీ ఎక్కువ, కిటికీలు ఎగిరిపోయి పేలుడు ఒత్తిడి బయటికి పోయిందంటారు. ఉత్తరం టవరు మూలలో మాత్రం పెద్ద ముక్క ఎగిరిపోయింది. టవరు కూలిపోతుందేమోనని యుద్ధం మధ్యలోనే హడావుడిగా ఇటుకలు పేర్చి ఆ బొక్క పూడ్చారు. ఆ ఎర్ర ఇటుకల అతుకు యుద్ధం అయిపోయాక కూడా 60 ఏళ్లు అలాగే ఉంది. 2005లో గానీ దాని మీద రాయి తొడగడం పూర్తవలేదు. ఆవిడకి అది అస్సలు నచ్చలేదు. అందరూ ఇప్పుడు అందంగా ఉందంటుంటే, "మా దెబ్బ అది, ఎందుకు దాచారు?" అనేది. ఇద్దరం కలిసి ఎప్పుడైనా అటు వెళ్తే, చెయ్యి ఎత్తి ఆ మూల చూపించేది. నాకు అక్కడ మామూలు రాయి తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆవిడకి కనిపించేదనుకుంటా.

పరంజా సంగతి చెప్పకపోతే డోమ్ గురించి చెప్పినట్టే కాదు. ఏ సంవత్సరం వెళ్లినా ఎక్కడో ఒకచోట పరంజా ఉంటుంది. డోమ్‌కి సొంత శిల్పుల బృందం ఉంది, రాయి చెక్కేవాళ్లు, గాజు పనివాళ్లు, వడ్రంగులు, కమ్మరులు, అందరూ జీతానికి, సంవత్సరం పొడుగునా. వాన నీళ్లలో కలిసిన పొగ, గంధకం కొన్ని రకాల రాళ్లని తినేస్తాయి. ఒక వైపు పూర్తిచేసి రెండో వైపుకి వెళ్లేసరికి మొదటి వైపు మళ్లీ మొదలు. డోమ్ పూర్తయిన రోజు ప్రపంచం అంతమైపోతుందని ఆ ఊళ్లో ఒక సామెత, అందుకని పరంజా కనిపిస్తే వాళ్లకి ధైర్యం. పైగా ఆ శిల్పులు తక్కువవాళ్లేం కాదు. యుద్ధం తర్వాత మరమ్మతుల్లో, కింద నుంచి ఎవరికీ కనపడని చోట్లలో వాళ్లకి నచ్చినవి చెక్కేశారు. కెన్నెడీ ఉన్నాడు, క్రుశ్చేవ్ ఉన్నాడు, ఫుట్‌బాల్ ఆడుతున్న వాళ్లున్నారు. 13వ శతాబ్దపు చర్చి మీద ఫుట్‌బాల్ ఆటగాళ్లేంటి అని ఎవరైనా అంటే, మధ్యయుగపు శిల్పులు కూడా తమ చుట్టూ ఉన్న మనుషుల్నే చెక్కారు కదా అంటారు. కాదనలేం.

ఇదే చర్చిలో సిగ్గుపడాల్సిన చెక్కడాలు కూడా ఉన్నాయి. పాదిరీలు కూర్చునే చెక్క బల్లల మీద యూదులని అతి నీచంగా చూపించే బొమ్మలు మధ్యయుగం నుంచీ ఉన్నాయి. అదే గోడల మధ్య, 1266లో ఆర్చ్‌బిషప్ యూదులకి ఇచ్చిన హక్కుల్ని చెక్కించిన రాతి పలక కూడా ఉంది. నేనున్నప్పుడు ఒక గైడ్ ఈ రెండిటి గురించీ ఒకే గొంతుతో, దేన్నీ మింగకుండా చెప్పాడు. నాకు ఆ రోజు ఆ చర్చి మీద గౌరవం పెరిగింది.

అమ్మా నాన్నా వచ్చింది 2015 శీతాకాలంలో. నాన్న మంకీ క్యాపు, మఫ్లరు, లోపల రెండు స్వెట్టర్లు. తలుపు దగ్గరే ఎర్ర అంగీ ఆయన వచ్చి టోపీ తియ్యమని సైగ చేశాడు. నాన్నకి అర్థమైంది కానీ మంకీ క్యాపు తియ్యడమంటే మీకు తెలుసుగా, ముందు మఫ్లరు విప్పాలి, కళ్లజోడు తియ్యాలి, అవన్నీ ఎవరైనా పట్టుకోవాలి. ఆయన ఓపిగ్గా నిలబడి చూశాడు, చివర్లో నాన్న తల నిమురుకుంటుంటే చిన్నగా నవ్వి దారిచ్చాడు. అమ్మ మాత్రం ఎవరూ చెప్పకుండానే కొంగు తల మీదకి లాక్కుంది, చెప్పులు ఎక్కడ విడవాలని నన్ను అడిగింది. అక్కర్లేదమ్మా అంటే ఇబ్బంది పడుతూనే నడిచింది.

ముందు అందరిలాగే పెద్ద బలిపీఠం వెనక ఉన్న బంగారు పేటిక చూపించాను. ముగ్గురు జ్ఞానుల అస్థికలు ఉన్నది అందులోనే, సుమారు 1190 నుంచి 1225 దాకా చేశారట, చిన్న చర్చి ఆకారంలో ఉంటుంది, మధ్యయుగంలో చేసినవాటిలో అంత పెద్ద అస్థికల పేటిక ఇంకోటి లేదంటారు. నాన్న గాజు పెట్టె చుట్టూ తిరిగి బంగారం ఎంత ఉంటుందో అంచనా వేసే పనిలో పడ్డాడు. వెయ్యేళ్లు దాటిన చెక్క శిలువ దగ్గర కాసేపు నిలబడ్డాం. అందులో యేసు గెలిచిన దేవుడిలా కాకుండా, నిజంగా చనిపోయిన మనిషిలా తల వాల్చి ఉంటాడు, పొట్ట ముందుకి జారి ఉంటుంది. అమ్మ దాన్ని ఎక్కువసేపు చూడలేకపోయింది.

అమ్మ ఆగింది మరియమ్మ దగ్గర. ఉత్తరం వైపు ఒక చిన్న మరియమ్మ విగ్రహం ఉంటుంది, కళాఖండం అని టూరిస్టులు వెతుక్కుంటూ వచ్చేదేం కాదు. కానీ ఆ ఊరి జనం వచ్చేది అక్కడికే. ఆ తల్లి గౌను నిండా జనం ఇచ్చిన గొలుసులు, ఉంగరాలు, బ్రోచ్‌లు, వేలాడదీసి ఉంటాయి. ముందు ఎప్పుడూ కొవ్వొత్తులు వెలుగుతూ ఉంటాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఒరేయ్ చిన్నా, ఇక్కడ కూడా మొక్కులు చెల్లిస్తారా?" అంది. అప్పటిదాకా పరాయి దేశంలో నడుస్తున్న మనిషి, ఒక్కసారిగా తెలిసిన చోటికొచ్చినట్టు అయిపోయింది, మా ఊరి అమ్మవారి గుళ్లో జాతర మర్నాడు గొలుసులతో నిండిన విగ్రహం ముందు నిలబడ్డట్టే నిలబడింది. డబ్బాలో నాణెం వేసి కొవ్వొత్తి తీసుకుంది. పక్కన ఒక జర్మన్ ముసలావిడ, అమ్మది వెలగకపోతే తన కొవ్వొత్తి వంచి అంటించింది. ఇద్దరూ ఒకరికొకరు తలూపుకున్నారు. ఏం మొక్కుకున్నావమ్మా అంటే చెప్పలేదు. నా ఉద్యోగం గురించే అని నాన్న అభిప్రాయం.

నాన్న టవరెక్కుతానని పట్టుబట్టాడు. దక్షిణం టవరు 533 మెట్లు, లిఫ్టు లేదు, సన్నటి మెలికల మెట్లు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే దారిలో గోడకి అంటుకుపోవాలి. మధ్యలో గంటలు ఉండే అంతస్తు వస్తుంది, అక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నాం. అక్కడే ఉంటుంది 24 టన్నుల పెద్ద గంట, ఊరివాళ్లు ముద్దుగా లావు పీటర్ అంటారు. 1923లో పోతపోసింది. అంతకు ముందున్న పెద్ద గంటని మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధాల కోసం కరిగించేశారు. లావు పీటర్ రోజూ మోగదు, పెద్ద పండగలకీ, పెద్ద చావులకీ మాత్రమే. 2011లో ముగ్గురు జ్ఞానుల పండగ రోజున మోగుతూ మోగుతూ ఉండగా దాని నాలుక ఊడి పడిపోయింది. దెబ్బలెవరికీ తగల్లేదు. నాన్న ఆ గంట చూసి, "దీన్ని ఊపడానికి ఎంతమంది కావాల్రా?" అన్నాడు. కరెంటు మోటారు నాన్నా అంటే కాస్త నిరాశపడ్డాడు.

ఇక ఆ రంగుటద్దాల కిటికీ గురించి. దక్షిణం వైపున పెద్ద కిటికీలో యుద్ధానికి ముందున్న గాజు పోయింది. 2007లో అక్కడ కొత్తది పెట్టారు, గెర్హార్డ్ రిష్టర్ అనే చిత్రకారుడు చేశాడు. అందులో సాధువులు లేరు, దేవదూతలు లేరు. 11 వేలకు పైగా చదరపు గాజు ముక్కలు, 72 రంగులు, ఏది ఎక్కడ అనేది చాలావరకు కంప్యూటర్ యాదృచ్ఛికంగా తేల్చింది. అప్పటి ఆర్చ్‌బిషప్, కార్డినల్ మైస్నర్‌కి అది నచ్చలేదు, ఇది మసీదులోనో ఇంకో ప్రార్థనా మందిరంలోనో ఉంటే బాగుండేది అన్నట్టు మాట్లాడాడు, పెద్ద వాదనే నడిచిందట. కంప్యూటర్స్ చదివే నా రూమ్మేట్‌కి మాత్రం చూడగానే పిక్సెల్స్ గుర్తొచ్చాయి, "బావా, ఇమేజ్ లోడ్ అవ్వలేదురా" అన్నాడు. నాకైతే మధ్యాహ్నం పూట ఎండ ఉన్నప్పుడు ఆ రంగులు రాతి నేల మీదా స్తంభాల మీదా పడి మెల్లగా జరగడం చూస్తే, కార్డినల్ ఆ టైములో వచ్చి చూశాడో లేదో అనిపించేది.

ఇదంతా చూడ్డానికి వచ్చేవాళ్లకి కనపడే డోమ్. మేమక్కడ ఉన్న ఏళ్లలో ఆ ఊరు దాన్ని వాడుకోవడం చూశాను, అది నాకు ఇంకా బాగా గుర్తుండిపోయింది.

2015 జనవరి 5న విదేశీయులకీ ముస్లింలకీ వ్యతిరేకంగా ఒక ఊరేగింపు పెట్టారు. ఆ రోజు సాయంత్రం డోమ్ వాళ్లు బయటి లైట్లు ఆపేశారు. వచ్చేవాళ్లలో మంచి క్రైస్తవులమనుకునేవాళ్లు కూడా ఉన్నారు, ఎవరి పక్కన నడుస్తున్నారో ఒక్కసారి ఆలోచించుకోమని డోమ్ పెద్ద చెప్పిన కారణం. ఎప్పుడూ ఊరంతటికీ కనిపించే ఆ వెలుగు లేకపోయేసరికి అక్కడ ఏదో పెద్ద నల్లటి ఖాళీ. ఊరేగింపువాళ్ల కంటే వాళ్లని అడ్డుకోడానికి వచ్చినవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్నారు. ఓనరమ్మ ఆ రాత్రి నా గది తలుపు కొట్టి మరీ అడిగింది, "చూశావా మా డోమ్‌ని?" అని. పైసా చర్చి పన్ను కట్టని మనిషి!

అదే సంవత్సరం మార్చిలో బార్సిలోనా నుంచి డ్యూసెల్డార్ఫ్ వస్తున్న విమానం ఆల్ప్స్ కొండల్లో కూలిపోయింది, 150 మంది. వాళ్లలో హాల్టర్న్ అనే ఊరి బడిపిల్లలు 16 మంది. ఏప్రిల్ 17న సంతాప ప్రార్థన డోమ్‌లోనే. ఛాన్సలర్ మెర్కెల్ వచ్చారు, ప్రెసిడెంట్ వచ్చారు. లోపల బంధువులు, బయట ఆవరణలో పెద్ద తెర ముందు మేమంతా. బలిపీఠం మెట్ల మీద 150 కొవ్వొత్తులు వెలిగించారు. కావాలనే విమానాన్ని కూల్చాడని తేలిన కో పైలట్‌ది కూడా కలిపి 150. దాని మీద జనంలో వాదనలు నడిచాయి, కోపం కూడా వచ్చింది చాలామందికి, రాకుండా ఎలా ఉంటుంది. నా పక్కన ఒకాయన మొదటి నుంచి చివరిదాకా చేతులు కోటు జేబుల్లో పెట్టుకునే నిలబడ్డాడు, ఒక్క ప్రార్థనకి కూడా పెదవి కదపలేదు, అయినా వెళ్లిపోలేదు.

జూన్‌లో మధ్యధరా సముద్రంలో మునిగిపోయిన శరణార్థుల కోసం ఆ ప్రాంతంలోని 230 చర్చిల గంటలు కలిపి 23,000 సార్లు మోగించారు, చనిపోయినవాళ్ల లెక్కన. మరుసటి ఏడాది మే నెలలో, ఒక పండగ ప్రార్థనకి డోమ్ పక్కన ఆవరణలో మాల్టా నుంచి తెప్పించిన శరణార్థుల పడవనే బలిపీఠంగా పెట్టారు. ఏడు మీటర్ల పాత పడవ, తర్వాత కొన్నాళ్లు దాన్ని చర్చి లోపల ఉంచారు. అందరూ మెచ్చుకున్నారని కాదు. రాజకీయం చేస్తున్నారని తిట్టినవాళ్లు నా క్లాసులోనే ఉన్నారు.

ఆ రెండింటి మధ్యలో 2015 డిసెంబర్ 31 రాత్రి ఉంది. డోమ్‌కీ స్టేషన్‌కీ మధ్య ఉన్న ఆ జాగాలోనే, మేము ఎప్పుడూ కలుసుకునే చోటే, గుంపుల్లో మగవాళ్లు ఆడవాళ్ల మీద పడ్డారు. వందల మంది కంప్లయింట్ ఇచ్చారు. నిందితుల్లో చాలామంది బయటి దేశాలవాళ్లు. ఆ తర్వాత కొన్ని నెలలు మా బ్యాచ్ ఆడపిల్లలు రాత్రిపూట అటు రావడం మానేశారు, మేము మగవాళ్లం నలుగురం కలిసి నిలబడితే చుట్టూ జనం సర్దుకునేవాళ్లు. రెండూ బాధగానే ఉండేవి, రెండిటికీ కారణం అర్థమయ్యేది కూడా. సిమెంటు పువ్వు దగ్గర కలవడం తగ్గింది. నది ఒడ్డున కలిసేవాళ్లం.

నేను ఊరు మారాక కూడా ఓనరమ్మతో ఫోన్లు నడిచాయి. 2021లో ఆ ఆర్చ్‌డయోసిస్‌లో (ఆర్చ్‌బిషప్ కింద ఉండే చర్చిల పరిధిలో) పిల్లల మీద జరిగిన లైంగిక అఘాయిత్యాల మీద రిపోర్టు వచ్చింది. 1975 నుంచి లెక్క తీస్తే కనీసం 314 మంది బాధితులు, 202 మంది మీద ఆరోపణలు. ఊరు మండిపోయింది. చర్చి నుంచి బయటికి రావడానికి కోర్టులో అపాయింట్‌మెంట్ దొరకని పరిస్థితి, స్లాట్లు ఇలా తెరిస్తే అలా అయిపోయేవి. ఆవిడ కొడుకు కూడా అప్పుడే సంతకం పెట్టాడు. "మరి డోమ్ సంఘం?" అన్నాను. "వాడికీ సభ్యత్వం కట్టించాను" అంది. ఆవిడ గొంతులో కోపం అలాగే ఉంది, అది వేరు ఇది వేరు అని నాకు మళ్లీ వివరించే ఓపిక మాత్రం లేదు. 2023 క్రిస్మస్‌కి డోమ్ మీద దాడి జరగొచ్చని పోలీసులు కుక్కలతో లోపలంతా వెతికి, ప్రార్థనలకి తప్ప టూరిస్టుల్ని రానివ్వలేదు. ఆవిడ క్రిస్మస్ రాత్రి ప్రార్థనకి వెళ్లిందట, ఎన్నో ఏళ్ల తర్వాత, బ్యాగు చెక్ చేయించుకుని మరీ. ఎందుకండీ అంటే, "భయపడి వెళ్లలేదని ఎవరూ అనుకోకూడదు" అంది.

ఈ మధ్య మా పిన్ని కొడుక్కి అక్కడ సీటొచ్చింది, ఏం చూడాలన్నయ్యా అని మెసేజ్ పెట్టాడు. జనవరి 6న వెళ్లరా అని చెప్పాను. ఆ పండగకి బంగారు పేటిక ముందు పలక తీస్తారు, లోపల కిరీటాలు పెట్టిన మూడు పుర్రెలు కనిపిస్తాయి, పిల్లలు రాజుల వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి తలుపుల మీద సుద్దతో సంవత్సరం రాసిపోతారు. వేసవిలో అయితే మంగళవారం సాయంత్రాలు ఆర్గన్ (గొట్టాల్లోంచి గాలి పంపి వాయించే పెద్ద వాయిద్యం) కచేరీ ఉంటుంది, డబ్బులు అడగరు, హుండీలో వేస్తే వెయ్యొచ్చు. రెండు ఆర్గన్లలో ఒకటి 30 టన్నులది, గోడకి ఆనకుండా పైకప్పు నుంచి ఇనుప కడ్డీలతో వేలాడుతుంటుంది, దాని కింద మాత్రం కూర్చోకు అని మా రూమ్మేట్ సలహా. నా సలహా వేరే. ముందే వెళ్లాలి. బెంచీలు తొందరగా నిండిపోతాయి, తెలిసినవాళ్లు ఇంటి నుంచి మడత కుర్చీ తెచ్చుకుంటారు.